ముప్పయ్యో పేరు

ట్రాక్టర్ ముందు చక్రానికి అడ్డంగా చతికిలబడ్డాడు ఎల్లాజీ.

"నా మీంచి పోనీండి" అన్నాడు.

డ్రైవర్ ఇంజన్ ఆపేశాడు. తొట్టిలోకి అప్పటికే పద్నాలుగు బెంచీలు ఎక్కేశాయి. మిగతావి బడి వరండాలో వంతు కోసం కాచుకున్నట్టు వరసగా ఉన్నాయి.

బడి తెరిచి పట్టుమని పదిహేను రోజులు కాలేదు. పొద్దున్నే ఉత్తర్వు వచ్చింది. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఈ ఊళ్ళో ఇక ఉండవు. నాలుగు కిలోమీటర్ల దూరాన, హైవే అవతల ఉన్న హైస్కూల్లో కలిపేశారు. ముప్పై మంది పిల్లలుంటే ఇక్కడే ఉంచుతామన్నారు. ఇరవై తొమ్మిది మందే తేలారు.

ఒక్కటంటే ఒక్క పేరు తక్కువ.

ఎల్లాజీ బడి కమిటీ చైర్మన్. వేట నిషేధం రోజుల్లో బోట్లన్నీ ఒడ్డెక్కితే, అతను మాత్రం గడపగడపా ఎక్కి దిగాడు. ఎవరూ టీసీ తీసుకోమని ఇంటికొకరి చేత గంగమ్మ గుడి ముందు ఒట్టు వేయించాడు. ఆ ముప్పై మందిలో పదిహేడు మంది ఆడపిల్లలు. వాళ్ళని హైవే దాటించి చదివించే ఇల్లు ఈ ఊళ్ళో లేదు. ఎల్లాజీ ఇల్లూ అంతే. కూతురు అనితను ఎనిమిది దాకా కళ్ళెదురుగా చదివించి, అక్కడితో మానిపించి, ఈడొచ్చాక మేనల్లుడు శివాజీకి ఇవ్వాలని అతను ఎప్పుడో అనుకున్నాడు. ఇప్పుడు ఆ ఎనిమిదీ అందేలా లేదు. అనిత ఏడో తరగతి. అమ్మమ్మకి జ్వరమని వారం కింద చింతపల్లి వెళ్ళింది కాబట్టి సరిపోయింది. ఈ బెంచీలు పోవడం చూస్తే గుక్కపట్టి ఏడ్చేది.

"ఒట్టు తప్పినోడు ఎవుడో తేలాల. తేలిందాకా నాను లెగను" అన్నాడు ఎల్లాజీ.

ఊరు ఊరంతా వచ్చేసింది. మగవాళ్ళు గోడ నీడన నిలబడ్డారు. ఆడవాళ్ళు చేపల గంపలు దించి, మెట్ల దగ్గర కూర్చున్నారు.

హెడ్మిస్ట్రెస్ అనూరాధ రిజిస్టర్‌ని గుండెకి అదుముకుని గుమ్మంలో నిలబడింది. టీసీ ఇచ్చిన మాట నిజమేనంది. ఎవరికిచ్చిందో మాత్రం చెప్పనంది. వాళ్ళకి మాటిచ్చిందట.

"పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఈ వరండాలోనే కూర్చున్నారు. పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నేనేం చెయ్యను?"

ఎల్లాజీ చూపు లక్ష్ముడి మీద ఆగింది. లక్ష్ముడి పెద్దకొడుకు విజయనగరంలో ప్రైవేటు బడిలో చదువుతున్నాడు. చిన్నది సుహాసిని వారం నుంచి ఇక్కడి బడి ముఖం చూడలేదు. ఇంకేం కావాలి? ఎల్లాజీ ఒక్క ఊపున లేచి లక్ష్ముడి కాలర్ పట్టుకున్నాడు. నోటికొచ్చిన మాటలన్నీ అన్నాడు.

లక్ష్ముడు తన కాలర్ మీది ఆ చెయ్యి ఒడిసి పట్టుకున్నాడు. అలాగే ఎల్లాజీని రెండు సందుల అవతల ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళి, గుమ్మానికి కట్టిన చీర పక్కకి తప్పించాడు. లోపల వేపమండల మధ్య చాప మీద సుహాసిని పడుకుని ఉంది. ఒళ్ళంతా పొక్కులు.

"అమ్మోరు పోసినాది బావా" అన్నాడు లక్ష్ముడు. "టీసీ సంగతి ఆ తల్లినే అడుగు."

తిరిగి వస్తుంటే ఎల్లాజీకి తల ఎత్తబుద్ధి కాలేదు. సంగతి అతనికంటే ముందే బడి దగ్గరికి చేరిపోయింది. ముసలి కూర్మమ్మ నోరు ఊరుకోదు.

"ఇంకెంతమంది కొంపల్లో తొంగి సూస్తావురా సైర్మనూ? దొరికితే ఏటి సేస్తావో ముందు అది సెప్పు."

ఆ మాట కాల్చినట్టయింది. ఎల్లాజీ మెట్లెక్కి అందరి వైపూ తిరిగాడు.

"ఆ ఇంటి బోటు ఈ ఏడాది ఎవులూ ఎక్కకూడదు. ఆల వలకి ఎవులూ సెయ్యెయ్యకూడదు."

నలుగురు మగాళ్ళు ఎక్కనిదే బోటు ఒడ్డు కదలదు. బోటు కదలని ఇంట్లో పొయ్యి వెలగదు. అయినా లక్ష్ముడు ముందుగా చెయ్యెత్తాడు. తరవాత ఒక్కొక్కరే ఎత్తారు.

అప్పుడు లేచింది ఎల్లాజీ భార్య మరిడమ్మ. నలుగురిలో నోరు విప్పే మనిషి కాదు.

"మరి బిడ్డో?" అంది. "పెద్దోళ్ళు సేసిన దానికి బిడ్డేటి సేసినాది మావా? ఆ సదువు మాత్రం లాగేకండి."

ఎల్లాజీకి భార్య మాట నచ్చింది. లక్ష్ముడి ఇంటి దగ్గర పోయిన పరువు ఇక్కడ కొంచెం తిరిగొచ్చినట్టనిపించింది.

"బిడ్డ జోలికి ఎల్లం. ఏ బడిలో సేరితే ఆ బడిలోనే ఉంటాది."

"ఎంతవరకూ?"

"ఎంతవరకు సదివితే అంతవరకూ. కన్నోళ్ళు మానిపించినా ఊరుకోం. ఇది ఊరి మాట."

మరిడమ్మ జనం వైపు తిరిగి, అందరూ విన్నారా అని అడిగింది. విన్నామన్నారు. కూర్మమ్మ కూడా విన్నానంది.

"అయితే ఇంక సదివీండి మేడమ్" అని కూర్చుంది మరిడమ్మ.

మాట తప్పడం కాదు కదా ఇది అని అనూరాధ ఎవరినీ ఉద్దేశించకుండా అడిగింది. రిజిస్టర్ తెరిచి, వరసలోంచి వేలు కిందికి దించుకుంటూ వెళ్ళి ఒకచోట ఆపింది. ఎల్లాజీ పిడికిళ్ళు బిగించి మగవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూస్తున్నాడు.

"విద్యార్థిని అనిత, ఏడో తరగతి, ఇంటర్ దాకా ఉన్న ఎచ్చెర్ల ఆడపిల్లల హాస్టల్ బడికి" అని తలెత్తకుండా చదివింది అనూరాధ, "వేలిముద్ర వేసి టీసీ తీసుకెళ్ళినవారు, తల్లి మరిడమ్మ."