తీర్పులో రాసిన బరువు

"గెలిచామమ్మా!" అంటూ వకీలు కోర్టు హాల్లోంచి బయటికొచ్చాడు. వరండా బల్ల మీద కూర్చున్న తల్లి కళ్ళు మూసుకుని దండం పెట్టింది. ఆమె ఒళ్ళో దుప్పటి కప్పుకుని పాప నిద్రపోతోంది.

మూడేళ్ళు నడిచిన కేసు. ఆసుపత్రివాళ్ళు ఇవ్వలేమన్న ఇంజెక్షన్‌ను పాపకు ఇకమీదట వారం వారం ఇచ్చి తీరాలని తీర్పు వచ్చింది.

"ఇంక చూసుకో, మీ అమ్మాయి నిన్ను ఇల్లంతా పరిగెత్తిస్తుంది" అని నవ్వుతూ వకీలు కాగితాలు తిరగేశాడు. మూడో పేజీ దగ్గర నవ్వు ఆగిపోయింది.

"అయ్యో, కొంప మునిగింది! మందు పిల్ల బరువును బట్టి కదా ఇచ్చేది. కేసు వేసిన రోజు రాసిన పదమూడు కిలోలే తీర్పులోకీ ఎక్కాయి. అప్పుడు పాపకు ఐదేళ్ళు, ఇప్పుడు ఎనిమిది. మార్పించడం మరిచిపోయాను తల్లీ! ఈ లెక్కన ఇస్తే మందు చాలదు. మళ్ళీ అర్జీ పెట్టాలి, ఇంకో ఆరు నెలలు..."

"అక్కర్లేదండీ" అంది తల్లి మెల్లగా. "పొద్దున వస్తూ కొట్లో కాటా మీద కూర్చోబెట్టి చూశాను."

పాప మీద జారిన దుప్పటి సర్దింది.

"తీర్పు సరిగ్గానే ఉందండీ. ఇప్పటికీ పదమూడే."