కోపం ఎరగని పిల్ల

హైమవతి కాకినాడలో ఒక హోటల్ రిసెప్షనిస్టు. ఆ రోజుల్లో కౌంటర్లో కూర్చునే అందరికీ పెట్టినట్టే ఆమెకూ చెంపల కండరాల్లో నవ్వుతీగలు, నాలుక కింద తీపిబిళ్ల అమర్చారు. ఒప్పందం ముగిసేదాకా వాటిని తీయరు. ఇంట్లో ఉన్నా ముఖం నవ్వుతూనే ఉంటుంది, ఎంత కసిరినా మాట ముద్దుగానే వస్తుంది.

ఆదివారం ఆమె డాబా మీద బట్టలు ఆరేస్తుంటే, పిట్టగోడ కూలినచోట కట్టిన తాడు కిందనుంచి రెండేళ్ల కూతురు తన్వి దూరింది.

"అటెళ్లకే! పడిపోతావు!" అని హైమవతి ప్రాణమంతా గొంతులోకి తెచ్చుకుని అరిచింది. అది జోలపాటలా వినిపించింది. పుట్టాక అమ్మ కోపం ఎరగని ఆ పిల్ల వెనక్కి తిరిగి, నవ్వుముఖం చూసి, కేరింతలు కొడుతూ అంచుకేసి ఇంకో అడుగు వేసింది. తను పరుగెత్తితే ఆటనుకుని అదీ పరుగెడుతుంది.

హైమవతి ఉన్నచోటే చతికిలబడి, ఆ నవ్వు పిల్లకు కనపడకుండా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. వేళ్ల సందుల్లోంచి చూసే ధైర్యం కూడా లేకపోయింది.

కాసేపటికి చిన్న చేతులు ఆమె వేళ్లను విడదీశాయి.

"అమ్మ దొలికింది!"

హైమవతి పిల్లను గుండెకు అదుముకుని వెక్కివెక్కి ఏడ్చింది. తన్వి ఆ నవ్వుముఖం చూసి చప్పట్లు కొట్టింది.

"మల్లీ!" అంటూ అంచు వైపు చెయ్యి చూపించింది.