ఎటూ కాని సీరియల్

“పేరు లేదంటే లేదు నాగేశ్వర్! ఏటేటా గిదే పాట. ఇగ నాతోని గాదు,” అంటూ అనంతరావు ముందున్న చీరల దొంతర పక్కకు నెట్టాడు.

మహారాష్ట్రలోని చంద్రపూర్ బజారులో ఆయనది బట్టల దుకాణం. అక్కడి కేబుల్ టీవీలో రోజూ సాయంత్రం వచ్చే ‘బొగ్గుల పొయ్యి’ సీరియల్‌కు ఖర్చు పెట్టేది ఆయనే. ఈ ఏడు ఏదో ఒక అవార్డుకు నామినేషన్ వస్తే సీరియల్ సాగుతుంది, రాకపోతే అంతటితో సరి. ఆ మాట ఆయన దసరాకు ముందే చెప్పాడు. చెప్పిన మాట మీద నిలబడే మనిషి కావడమే వచ్చిన చిక్కు.

సీరియల్ తీసే నాగేశ్వర్ ఎదురుగా స్టూలు మీద కూలబడ్డాడు. వాదించే ఓపిక కూడా లేదు. పొద్దున్నే చంద్రపూర్ కేబుల్ అవార్డులకు ఎంపికైన వాటి పేర్లు చదివారు. వంటల కార్యక్రమం ఉంది, పిల్లల డాన్సులు ఉన్నాయి, ఆఖరికి వాస్తు చెప్పే ఆయన కూడా ఉన్నాడు. ‘బొగ్గుల పొయ్యి’ మాత్రం లేదు.

“పోయి అడిగినవా?” అన్నాడు అనంతరావు.

“అడిగిన సేటూ. మీది తెలుగు గదా, మేం మరాఠీకే ఇస్తం, హైదరాబాద్ పో అన్నరు.”

“హైదరాబాదోళ్లేమన్నరు?”

“మీది మహారాష్ట్ర గదా, అక్కడనే అడుగు అన్నరు. అది నిరుడు. అంతకు ముందటేడు రాష్ట్రం రెండైతుందని అవార్డులే బందు వెట్టిండ్రు. ఇప్పుడు రాష్ట్రంతోని పాటు ఆ టీవీ సంఘం గూడ రెండయింది. ఫోన్ జేస్తే, మీరు ఇటా అటా అని అడుగుతున్నరు.”

“నువ్వేమన్నవ్?”

“ఏమంట? రెండిటికీ పంపిన.”

“రెంటికి చెడ్డ రేవడి బతుకైంది మనది,” అన్నాడు అనంతరావు.

నాగేశ్వర్ భార్య గిరిజ గోడకు ఆనుకొని కూర్చుంది. సీరియల్‌కు మాటలు రాసేది ఆమే. నటుల్లో తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, బడిలో మాత్రం మరాఠీ చదివారు. అందుకని తెలుగు మాటల్నే మరాఠీ అక్షరాల్లో రాసి ఇస్తుంది. తెల్లారి లేస్తే అదే పని.

“బందు వెడదాం. నాకు గూడ పాణం ఇసిగింది,” అందామె. “ఒక్క పేరు కోసం గింతమంది గడపలు తొక్కుడేంది?”

“బందు వెడితే నేనేం గావాలె?” అని పక్కనే కూర్చున్న రాజక్క గయ్యిమంది.

సీరియల్‌లో గయ్యాళి అత్త రాజక్క. బయట ఆమెకు సాస్తి బొగ్గు గని దగ్గర చాయ్ బండి ఉంది. పొద్దంతా బొగ్గు దుమ్ములో నిలబడి, సాయంత్రం షూటింగ్‌కు బస్సెక్కి వస్తుంది.

“దినామంత చాయ్ పోసుడే నా బతుకు. గా టీవీల కనవడితేనే నేను గూడ ఒక మనిషినని యాదికొస్తది. నిన్న కోర్పనా బస్సుల ఒక ముసల్ది నా కొంగు గుంజి, కడుపుతోని ఉన్న కోడల్ని గట్ల ఏడిపిస్తవా, నీ కండ్లు పోను, అని తిట్టింది. గంతకన్న పెద్ద అవార్డు ఏంది సేటూ?”

అనంతరావు మొహం తిప్పుకున్నాడు. నిజానికి ఆ సీరియల్ చూసి రోజూ కళ్లు తుడుచుకునేవాళ్లలో ఆయనొకడు. కానీ ఇంట్లో తమ్ముళ్లు ఊరుకోవడం లేదు. ఎక్కడా పేరు లేనిదాని మీద ఖర్చేమిటని రోజూ పోరుతున్నారు.

“నన్నేం జెయ్యమంటవ్ రాజక్కా? రేపటితోని ఆఖరు. ఎట్లనన్న ముగించుండ్రి.”

“ఎట్ల ముగియ్యాలె? కోడలు నిండు నెలలతోని ఉండె!” అంది గిరిజ.

“కానుపు జేసెయ్యి,” అన్నాడు అనంతరావు నీరసంగా.

రాజక్క కళ్ల నీళ్లు పెట్టుకుంది. గిరిజ ఆమెను దగ్గరకు తీసుకుంది. సరిగ్గా అప్పుడే నాగేశ్వర్ ఫోను మోగింది. హైదరాబాదు నంబరు చూసి, అందరికీ వినబడేలా స్పీకర్ పెట్టాడు.

“నమస్కారమండీ! బుల్లితెర పురస్కారాల సంఘం నుంచి మాట్లాడుతున్నాం. ‘బొగ్గుల పొయ్యి’ మీదేనా? మీకు నామినేషన్ వచ్చింది. శుభాకాంక్షలు!”

రాజక్క కొంగు నోట్లో కుక్కుకుంది. అనంతరావు ఎగిరి గంతేసినంత పని చేశాడు.

“నేను జెప్పలే? నేను జెప్పలే? సీరియల్ నడుస్తది! ఎవడడ్డమొస్తడో నేను జూస్త!”

నాగేశ్వర్‌కు మాత్రం నమ్మకం కుదరలేదు. ఇన్నేళ్ల అనుభవం అలాంటిది.

“మేడమ్, మాది మహారాష్ట్ర. తెలుసు గద? మళ్ల తీసెయ్యరు గద?”

“అయ్యో, తెలుసండీ. సీరియల్‌లో దుకాణాల బోర్డులు, బస్సుల బోర్డులు అన్నీ మరాఠీలోనే ఉన్నాయిగా. అది చూసే మిమ్మల్ని ఈ విభాగంలో పెట్టాం.”

గిరిజ లేచి దగ్గరకు వచ్చింది. రాజక్క ఫోను మీదికి వంగింది. నాగేశ్వరే అడిగాడు.

“దేంట్ల వచ్చింది మేడమ్? గిరిజ రాసిన మాటలకా, మా రాజక్క యాక్టింగ్‌కా?”

“డబ్బింగ్‌కండీ! మరాఠీ వాళ్ల పెదాలకు తెలుగు మాటలు ఇంత చక్కగా అతికించినవాళ్లను మా జ్యూరీ ఇంతవరకూ చూడలేదట!”