గెల రాని ఏడాది

"ఇది తెగులు కాదండీ," రాజనర్సయ్య సంచీలోంచి తీసిచ్చిన పామాయిల్ పువ్వును తిప్పి చూస్తూ అన్నారు జోగారావు. వ్యవసాయ శాఖలో రిటైరై అమీర్‌పేటలో ఉంటున్నారాయన. "అన్నీ మగపూలే. గెలలెలా వస్తాయి?"

"మందు రాయుండ్రి సారూ."

"మందు లేదు. ఎండల్లో నీళ్లు అందకపోతే ఈ చెట్టు రెండేళ్లకి ఇలా మగపూలే వేస్తుంది. రెండేళ్ల కిందటి ఎండాకాలంలో నీళ్లు ఆపారా?"

"మోటరు ఒక్కనాడు సుత బంద్ చెయ్యలే."

పక్కనే కూర్చున్న రాజనర్సయ్య కూతురు మానస, కంప్యూటర్ కోర్సు పుస్తకం ఒళ్లో పెట్టుకుని, మెల్లగా అంది.

"చేసినం నాయినా. గా ఎండాకాలమంతా అమ్మతోని పంజాగుట్ట ఆస్పత్రిలనే ఉన్నం గదా. అమ్మ పోయినంకనే ఊరికి పోయినం."

రాజనర్సయ్య పువ్వును మళ్లీ సంచీలో పెట్టుకున్నాడు.

"అంటే సారూ, చెట్టుకు గిప్పుడు తెలిసిందా?"