ఇంటిదారి పట్టిన గుర్రం

ఒక అడవి అంచున మూలికలు ఏరుకునే ముసలి కొండముచ్చు రంగమ్మ, ఆమెను వీపున మోసే ధవళుడనే గుర్రం ఉండేవారు. అడవిలోకి వెళ్లేటప్పుడు ధవళుడు బుద్ధిగా నడిచేవాడు. ఇంటివైపు తిరిగితే చాలు, గడ్డి గుర్తొచ్చి దౌడు తీసేవాడు. ఒకరోజు వాగు దగ్గర రంగమ్మ కిందపడింది. చెయ్యి బెణికింది.

“నాలుగు తగిలించు అత్తా, దారికొస్తాడు,” అంది పొరుగింటి మేక.

రంగమ్మ కొట్టలేదు. చెయ్యి నయమవగానే మళ్లీ ఎక్కింది. ధవళుడు ఇంటివైపు పరుగందుకోగానే మెల్లగా వెనక్కి తిప్పింది.

“ఇదేంటమ్మా, ఇల్లు అటు కదా!”

“నడిస్తే ఇంటికి నాయనా. పరిగెడితే మళ్లీ అడవికే.”

ఆ రోజు నలభైసార్లు తిప్పింది. ఒక్కసారి కూడా గొంతు పెంచలేదు. అతను నెమ్మదించిన ప్రతిసారీ మెడ నిమిరింది. ఎనిమిదో రోజుకి ఒక్కసారి తిప్పితే సరిపోయింది.

వానాకాలంలో కాలు విరిగిన జింకపిల్లను ఒళ్లో పెట్టుకుని రంగమ్మ ఇంటికి బయలుదేరింది. ధవళుడికి కడుపు కాలిపోతోంది, ఎదురుగా ఇల్లు కనిపిస్తోంది. అయినా అడుగులో అడుగేసుకుంటూ వచ్చాడు.

మేక ఎదురొచ్చింది. “అయ్యో, పిల్ల నొప్పికి ఏడ్చిందా?”

“మెల్లగా మాట్లాడు,” అన్నాడు ధవళుడు. “నిద్రపోతోంది.”