నాలుగో కాలమ్

"రక్తం యాడా దొరుకుతలేదన్నా. వరంగల్ నుంచి వచ్చేదాకా ఆగలేం. ఓ నెగెటివ్ రక్తమున్న మనిషి కావాలె, ఇప్పుడే," అంది నర్సు షారోన్.

జమీల్ భార్య జైనబ్‌కు కాన్పు అయింది, పాప బాగుంది. తల్లికి మాత్రం రక్తస్రావం ఆగడం లేదు.

అయినా జమీల్ గుండె చిక్కబట్టుకున్నాడు. మహబూబాబాద్ రక్తదాతల యాప్‌కు కోడ్ రాసింది తనే కదా! మంచం పక్కనే ల్యాప్‌టాప్ తెరిచి వెతికాడు. ఓ నెగెటివ్ దాత ఒక్కరున్నారు, అదీ ఊళ్లోనే! పేరు మాత్రం కనిపించదు. పనీపాటా లేనివాళ్లు ఆడ దాతలకు ఫోన్లు చేసి సతాయిస్తున్నారని, పేర్లూ నంబర్లూ ఎవరికీ, చివరికి తనకు కూడా, కనిపించకుండా దాచింది తనే.

"ఊళ్లనే ఉన్నరు జైనబ్! వస్తరు," అన్నాడు.

"పరేషాన్ నక్కో హో జీ," కంగారు పడొద్దంటూ అందామె కళ్లు తెరవకుండానే.

మెసేజ్ పంపాడు. తన ఫోనే మోగింది. 'మీ రక్తం అవసరం ఉంది. వెంటనే రండి.'

"నాకెందుకొచ్చింది? నాది బీ పాజిటివ్ కద!"

మళ్లీ పంపాడు. మళ్లీ తన ఫోనే. ఆ పుణ్యాత్ములెవరో ఇంట్లో హాయిగా టీ తాగుతూ ఉండి ఉంటారు, కబురే అందడం లేదు! జమీల్‌కు ఏడుపొచ్చింది.

యాప్‌లో దాతల వివరాల టేబుల్ చూసుకునే సంజయ్‌కి ఫోన్ చేశాడు. అతను కేసముద్రం బస్సులో ఉన్నాడు.

"టేబుల్‌ను ఏమన్న ముట్టినవా తమ్మీ?"

"మొన్న మధ్యల ఒక కాలమ్ కలిపిన అన్నా. దాత ఇంటోళ్ల నంబర్ గూడ ఉంటె..."

"గదంత తర్వాత చెప్పు!"

తప్పు దొరికింది. అప్పట్లో తొందరలో దాత నంబరున్న కాలమ్ పేరు రాయకుండా, ఉత్త నాలుగో కాలమ్ తీసుకొమ్మని కోడ్ రాశాడు. పేరు చెప్పకుండా 'నాలుగో ఇంట్లో ఇచ్చి రా' అంటే, మధ్యలో కొత్త ఇల్లు లేచాక సామాను ఎవరికి చేరుతుంది? నెత్తి కొట్టుకున్నాడు.

'నాలుగు' కొట్టేసి, దాత ఫోన్ నంబరున్న కాలమ్ పేరు రాశాడు. యా అల్లా అనుకుంటూ పంపాడు.

ఈసారి తన ఫోన్ మోగలేదు.

"పోయింది సిస్టర్! అసలు మనిషికే పోయింది!" అని అరిచాడు.

"జర జల్ది రావాలె అన్నా," అంది షారోన్.

అంతలో తలగడ పక్కన జైనబ్ ఫోన్ వెలిగింది: 'మీ రక్తం అవసరం ఉంది. వెంటనే రండి.'