చైర్మన్ గారి గొంతు

బుడమేరు బెజవాడను ముంచిన మరుసటి ఏడు జరిగింది ఇది. నూజివీడు నుంచి ముసునూరు వెళ్లే దారిలో నాలుగు ఊళ్లను కలిపి అమృతనగరం అని పేరు పెట్టారు. రోడ్డు మీద ఆర్చి కట్టారు. వీధివీధికీ కుళాయిలు పాతారు. నీళ్లు తర్వాత వస్తాయన్నారు.

నీళ్లకంటే ముందు యాప్ వచ్చింది.

చైర్మన్ శ్యామ్ సుందర్‌కి మాట్లాడటమంటే ఇష్టం. ఆ మాటల్ని వీడియో తీసి యాప్‌లో పెట్టడానికి ఉదయశంకర్ అనే కుర్రాణ్ణి విజయవాడ నుంచి కాంట్రాక్టు మీద తెచ్చుకున్నాడు. ఆ కుర్రాడు వచ్చీరాగానే సోషల్ మీడియా పాలసీ అని ఒకటి రాశాడు. ఆఫీసులో ఎవరూ జనానికి నోటితో జవాబు చెప్పకూడదు. అడిగేవాళ్లు యాప్‌లోనే అడగాలి. నగరం పరువు తీసే మాట ఎవరు రాసినా తీసెయ్యాలి.

పార్వతి అనే ఆవిడ ఖాళీ బిందెతో ఆఫీసుకొచ్చి, కుళాయిలో నీళ్లెప్పుడొస్తాయని అడిగింది. యాప్‌లో అడగమన్నారు. అడిగింది. నగరం పరువు తీసిందని ఆవిడ నంబరు బ్లాక్ చేశారు. ఆవిడ వెనకాలే వీధి వీధంతా అడిగింది. వీధి వీధంతా బ్లాకయింది. చివరికి వీడియోలు చూడటానికి ఆఫీసు సిబ్బందే మిగిలారు. వాళ్లు కూడా లైక్ కొట్టి మూసేసేవాళ్లు.

మామిడి పిందె కట్టే రోజుల్లో చైర్మన్ ఉదయశంకర్‌ని గదిలోకి పిలిచాడు.

"నేను మాట్లాడితే జనం వినాలయ్యా. విననప్పుడు ఇక నువ్వెందుకు? ఈ వేసవి దాకా చూస్తాను. తర్వాత నీ దారి నువ్వు చూసుకో."

ఉదయశంకర్ పర్మినెంటు ఉద్యోగమని చెప్పి ఆ మధ్యే పెళ్లి చేసుకున్నాడు. కంప్యూటర్ ముందు కూర్చుని, ఎవరెంతసేపు చూస్తున్నారో లెక్క తీశాడు. ఒక్క పేరు దగ్గర ఆగిపోయాడు.

చిన్నయ్య. ఊరి చివర రసాల తోటకి కాపలా ఉండే ముసలాయన. పొద్దున లేచింది మొదలు పొద్దుగూకేదాకా చైర్మన్ వీడియోలే. చూసిందే మళ్లీ చూడటం. మధ్యలో ఆపింది లేదు.

వెంటనే ఫోన్ చేశాడు.

"చిన్నయ్య గారూ, మన వీడియోలు ఎలా ఉన్నాయండీ?"

"పనికొస్తున్నాయండి."

"ఏవన్నా మార్చమంటారా?"

చిన్నయ్య మాట్లాడటమే తక్కువ.

"ముందొచ్చే ఆ పాట తీసెయ్యండి. దానివల్ల ఉపయోగం లేదు."

అప్పటిదాకా ఆ నగరానికి సలహా ఇచ్చి బ్లాక్ కాకుండా ఉన్న మనిషి లేడు. ఉదయశంకర్ పెన్ను తీసుకున్నాడు. ముసలాయన ఆగి ఆగి చెప్పాడు. తెల్లారగానే ఒకటి పెట్టాలి, ఎండ తగ్గాక ఇంకోటి. మధ్యాహ్నం పెట్టినా దండగ. ఎంత పొడుగుంటే అంత మంచిది. రోజూ ఒకటే మాటైతే అలవాటైపోద్ది, మారుస్తుండాలి.

"మరి చైర్మన్ గారు మాట్లాడే తీరు బాగుందాండీ?"

"మెల్లగా మాట్లాడితే లాభం లేదండి. మొన్న అవతలి పార్టీ వాళ్లని తిట్టారు చూడండి. అట్టా ఉండాలి."

ఆ రాత్రికి రాత్రే పాలసీ తిరగరాశారు. చదివి చైర్మన్ ఉబ్బిపోయాడు. జనం నాడి ఇప్పటికి దొరికిందన్నాడు. మర్నాటి నుంచి కోడి కూసేసరికి మేడెక్కి, కెమెరా ముందు నిలబడి తిట్టడం మొదలుపెట్టాడు. అవతలి పార్టీని తిట్టాడు. వాళ్లయిపోయాక కాంట్రాక్టర్లని తిట్టాడు. తర్వాత పందుల్ని, దోమల్ని, చివరికి ఎండని కూడా తిట్టాడు. గొంతు పోతే తేనె తాగి మళ్లీ ఎక్కాడు.

చూసే గంటలు పెరిగాయి. చూసేది ఒక్క మనిషేనన్న సంగతి పైకి పంపిన రిపోర్టులో రాయలేదు.

కాయ ముదిరే వేళకి సన్మానం పెట్టారు. చిన్నయ్యని కారులో తెచ్చి స్టేజీ మీద కూర్చోబెట్టారు. ఆదర్శ డిజిటల్ పౌరుడని బిరుదిచ్చి శాలువా కప్పారు. వెనక నుంచి పార్వతి లేచి నీళ్ల సంగతి అడగబోతే, ఇది ప్రశ్నలడిగే చోటు కాదని కూర్చోబెట్టారు. చైర్మన్ మైకందుకుని, చదువుకున్నవాళ్లకి లేని జ్ఞానం చదువులేని ఈ పెద్దాయనకి ఉందని చాలాసేపు పొగిడాడు. నిజానికి తనని తానే పొగుడుకున్నాడు. ఆ ఊపులోనే ఉదయశంకర్ కాంట్రాక్టు మరో ఏడాది పొడిగిస్తున్నట్టు చెప్పాడు. ఉదయశంకర్ ఒంగి ముసలాయన కాళ్లకి దణ్ణం పెట్టాడు.

రెండు మాటలు మాట్లాడమని చిన్నయ్యకి మైకిచ్చారు. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కోతలయ్యేదాకా ఆపకండి," అన్నాడు.

సిబ్బంది చప్పట్లు కొట్టారు. చైర్మన్ కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు తెల్లారగానే చిన్నయ్య ఎప్పటిలాగే ఫోన్‌కి స్పీకరు తగిలించి రసాల చెట్టు కొమ్మకి వేలాడదీశాడు, "ప్రియమైన పౌరులారా" అని చైర్మన్ గొంతు లేచిందో లేదో, కాయలు కొరుకుతున్న కోతుల మంద మొత్తం కంచె దూకి పారిపోయింది.